పలుపు ఆత్మకథ

పశువు మెడకు చుట్టి కట్టుకొయ్యకు బిగించే తాడును పలుపు అంటారు. ఇక్కడ తన చరిత్ర చెప్పుకొంటున్న పలుపు గోగునారతో పేనినది. దాని పుట్టుక గురించి ఇంతకుమించి చెప్పవలసినది లేదు, చెప్పవలసినదంతా దాని పనివేళల గురించే.

ఒకప్పుడు దీనికి రాత్రిపూట, పాలు పితికే వేళ మాత్రమే పని ఉండేది. తెల్లవారి పాలు తీయగానే రైతు ముడి విప్పి దీనిని కొయ్యకు తగిలిస్తే, ఆవు ఊరి మందలో కలిసి పసులకాపరి వెంట మేత పోరంబోకుకు, అంటే పశువుల మేతకు ఊరుమ్మడిగా విడిచిన ప్రభుత్వ భూమికి, వెళ్లి పొద్దువాలాక తిరిగివచ్చేది. ఈ భూమినే తెలంగాణలో బంచరాయి అంటారు. పగలంతా ఖాళీగా వేలాడడమే తన వృత్తికి గౌరవమని ఈ పలుపు నేటికీ నమ్ముతుంది.

కాలక్రమంలో చాలా ఊళ్లలో మేతభూములు ఆక్రమణల పాలయ్యాయి. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల ఉత్పత్తి పథకం మొదలయ్యాక పాలకు బజారు పెరిగి, జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు కొట్టాలకు చేరాయి. ఎండలో తిప్పితే పాలు తగ్గుతాయన్న రైతు భయం నిరాధారం కాదు. కానీ ఆ భయమే అలవాటుగా మారి ఆవును రేయింబవళ్లు ఒకేచోట సిమెంటు నేలమీద నిలబెట్టింది. నెలల తరబడి విప్పని ముడి బిగుసుకుపోయింది, మూత్రపు తడికి నార కుళ్లసాగింది, రాపిడికి ఆవు మెడమీద వెంట్రుకలు రాలి చర్మం కాయకట్టింది. ఆ కాయకు తనను సాధనంగా చేసిన యజమానిమీద ఈ పలుపుకు తీరని కినుక. చివరకు నైలాన్ తాడు రాగానే దీనిని కోసి పెంటకుప్పమీద పారవేశారు. పోగులు విడిపోతూ అక్కడ పడి ఉన్న పలుపుకు తన గతికన్నా, ఆవు మెడ ఇంకా కొయ్యకే ఉండిపోవడం ఎక్కువ బాధ కలిగించింది.

ఆ బాధ అకారణం కాదు. కట్టివేసిన ఆవుకు గిట్టలు అరగక వంకరగా పెరుగుతాయి. ఎద, అంటే ఆవు చూలుకు సిద్ధమయ్యే స్థితి, సుమారు 21 రోజులకొకసారి వచ్చి సాధారణంగా ఒక రోజులోపే ముగుస్తుంది. విడిగా తిరిగే ఆవు సాటి ఆవులమీదికి ఎక్కడం ద్వారా దానిని తెలియజేస్తుంది, కట్టిన ఆవుకు ఆ వీలు లేనందున రైతు అదను గుర్తించలేక ఈత వెనుకబడుతుంది. పాలకు, నేతికి పసుపు ఛాయనిచ్చే కెరోటిన్ పచ్చిగడ్డిలో సమృద్ధిగా, ఎండు వరిగడ్డిలో అత్యల్పంగా ఉంటుంది గనుక, మేతకు పోక ఎండుగడ్డే తినే ఆవు పాలలో ఆ ఛాయ తగ్గుతుంది.

మేతభూమి అందుబాటులో లేని రైతు సైతం కంచె వేసిన కొద్దిపాటి జాగా, చెట్టునీడ, నీళ్లతొట్టి సమకూర్చుకొంటే రోజుకు కొన్ని గంటలైనా ముడి విప్పగలడు. సంకర ఆవులను వేసవిలో ఉదయం, సాయంత్రం చల్లని వేళల్లోనే వదలాలి. పచ్చిమేతకు క్రమంగా అలవాటు చేయాలి. పశువైద్యుని సలహాపై నట్టల మందు తాగించాలి. లేత జొన్నలో, ముఖ్యంగా బెట్టకు వాడిన పిలకలలో, ప్రాణం తీయగల సైనైడ్ విషం ఉంటుంది గనుక, అటువంటి చేల పక్కగా ఆవును నడిపించేటప్పుడు మాత్రం పలుపు కాపరి చేతిలో ఉండవలసిందే.