గింజ లెక్కేశారు, గడ్డి మరిచారు

మా రోజుల్లో వరి అంటే వరిలా ఉండేది. అక్కుళ్లు, కృష్ణకాటుకలు గుండెల దాకా ఎదిగేవి. గట్టు మీంచి కేకేస్తే చేలోంచి తలపాగా ఒక్కటే కదిలేది. ఇప్పుడో? కొంగ వాలినా అవతలి గట్టుకి కనబడుతుంది.

మా మనవడు బాపట్లలో అగ్రికల్చర్ చదివాడు. “ఆ పొట్టితనమే దాని గొప్ప తాతయ్యా” అంటాడు. తైవాన్‌లో డీ-జియో-వూ-జెన్ అని ఓ పొట్టి వరి ఉండేదట. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్లు దాన్ని పేటా అనే పొడుగు రకంతో సంకరం చేసి, 1966లో ఐఆర్ 8 వదిలారు. మరుసటేడే మన ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి చూపించారు. మీరు తినే సాంబమసూరిలోనూ ఆ తైవాన్ పొట్టిదాని వారసత్వం ఉంది.

ఆ కురచతనం గుట్టు 2002లో బయటపడింది. మొక్కని సాగదీసేది జిబ్బరెలిన్ అనే హార్మోను. దాని తయారీకి కావలసిన ఎస్‌డి1 జన్యువులోంచి 383 అక్షరాలు ఊడిపోయాయట. హార్మోను తగ్గింది, కాండం కురచబడింది. వెన్ను మాత్రం తగ్గలేదు.

మా పొడుగు వరికి వంక లేదని నేననను. నాలుగు గుప్పిళ్లు యూరియా ఎక్కువ పడితే పాలుపోసుకునే వేళకి నేల మీద పడుకునేది. పొట్టి వరి ఎంత ఎరువు తిన్నా నిలబడింది, దేశానికి అన్నం పెట్టింది. ఒప్పుకున్నాం. కానీ ఆనాడు పైరు బరువులో పదింట మూడు పాళ్లు గింజ, ఏడు పాళ్లు గడ్డి. ఇప్పుడు ఇంచుమించు సగం సగం. ఆ గడ్డి ఎవరి నోటిదో ఎవరైనా అడిగారా?

మా రోజుల్లో పిల్లనివ్వడానికొచ్చినవాళ్లు ఇంటికంటే ముందు గడ్డివాము చూసేవారు. వాముంటే పాడి ఉన్నట్టు, పాడుంటే పెరుగన్నం ఉన్నట్టు. ఇప్పుడు కోత మిషను దిగి, ఉన్న కాస్త గడ్డినీ నలగ్గొట్టి చల్లేసి పోతుంది. మర్నాడు అగ్గిపుల్ల గీస్తారు. సాయంత్రం పాల ప్యాకెట్టు కోసం కొట్టు దగ్గర నిలబడతారు.

అంతటితో ఆగారా? మా నాన్న దుబ్బుకి ఎన్ని పిలకలొచ్చాయో లెక్కపెట్టి మురిసేవాడు. 2010లో ఐపీఏ1 అని ఇంకో జన్యువు దొరికిందట. అది పనిచేస్తే పిలకలు తగ్గి, కాండం లావై, వెన్నుకి గింజలు పెరుగుతాయట. పిలకలు తగ్గడం కూడా గొప్పే అయింది! 2025లో హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబమసూరిలో ఓ జన్యువును దిద్ది ‘కమల’ రకం తెచ్చింది. వెన్నులో సైటోకైనిన్ హార్మోనును విరిచేసే జన్యువట అది. దాని పని ఆపితే గింజలు పెరుగుతాయట. మళ్లీ గింజే!

జన్యువులు దిద్దే బాబులూ, మీ చదువుకి దణ్ణం. గింజ పెంచండి, వద్దనను. కొత్త రకం వదిలేటప్పుడు ఎకరాకి ఎన్ని బస్తాలో రాస్తారే, ఆ కాగితం మీదే ఎన్ని మోపుల గడ్డో, దాన్ని పశువు ముడుతుందో లేదో కూడా రాయండి. రైతింట్లో తినే నోళ్లు మనుషులవి మాత్రమే కాదు.