బూస్ట్ బాబాయి

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక వాచ్‌మన్, ఒక లిఫ్టు, ఒక బూస్ట్ బాబాయి ఉండి తీరతారు. లిఫ్టుకి అప్పుడప్పుడూ సెలవుంటుంది, బాబాయికి ఉండదు. ఏ బ్యాంకులోనో రిటైరై ఉంటాడు. బ్రాంచికి మొదటి కంప్యూటరొచ్చినప్పుడు ఆ ఏసీ గది తాళంచెవి ఈయన దగ్గరే ఉండేది. చెప్పులు బయట విప్పి లోపలికి రావాలని రూలు పెట్టిందీ ఈయనే. షర్టు జేబులో కళ్ళజోడు పక్కన ఒక పెన్‌డ్రైవు. అందులో నాలుగు క్లీనర్లు, మూడు బూస్టర్లు, ఒక ఆప్టిమైజరు, ఒక ఘంటసాల పాటల ఫోల్డరు. వీటిలో నిజంగా పనికొచ్చేది ఆ ఆఖరిదే.

పేరంటానికి పిలిచినా సరే, బాబాయి కళ్ళు ముందు కంప్యూటరు ఎక్కడుందా అని వెతుకుతాయి. "స్లో అయిందా నాయనా?" అంటాడు. అవునన్నా కాదన్నా కుర్చీ లాక్కుంటాడు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి వరసగా ఏడెనిమిదిసార్లు రిఫ్రెష్ కొడతాడు. రిఫ్రెష్ అంటే తెరమీది ఐకాన్లను మళ్ళీ గీయమనడమే. ర్యామ్‌కీ దానికీ చుట్టరికం లేదు. ఆ మాట చెప్పి చూసిన కుర్రాళ్ళున్నారు. "మరి గీశాక ఫ్రెష్‌గా ఉందా లేదా?" అన్నాడు.

తర్వాత పెన్‌డ్రైవు బయటికొస్తుంది. క్లీనరు తెరుచుకోగానే ఎర్రటి గుండ్రం, అందులో ర్యామ్ వాడకం 78 శాతం. "చూశావా, ఎనిమిది జీబీల్లో ఆరు తినేశాయి. అంతా చెత్తే!" అని బటన్ నొక్కుతాడు. తెరమీద ఒక రాకెట్టు నిప్పులు కక్కుతూ పైకి లేస్తుంది. 78 కాస్తా 41 అవుతుంది, గుండ్రం పచ్చబడుతుంది. బాబాయి కళ్ళజోడు తీసి నింపాదిగా తుడుచుకుంటాడు. ఇంటావిడ కాఫీ తెస్తుంది.

కాఫీ చల్లారకముందే ఇంటాయన తన పనికి కూర్చుంటాడు. ఇందాకటిదాకా నిక్షేపంగా ఉన్న బ్రౌజరు పేజీ తెల్లమొహం వేస్తుంది. ఎక్సెల్ షీటు 'నాట్ రెస్పాండింగ్' అంటుంది. హార్డ్ డిస్కు కరకరమంటుంది. కాసేపటికి అన్నీ తేరుకుంటాయి, అంకె మళ్ళీ 76. "ఎంత తొందరగా పేరుకుపోతోందో చూశావా! అయిదు నిమిషాలకోసారి దానంతటదే క్లీన్ చేసేట్టు పెట్టి వెళ్తాను." అప్పటినుంచి ఆ ఇంటి కంప్యూటరు అయిదు నిమిషాలకోసారి ఉలిక్కిపడి లేస్తూ ఉంటుంది. క్లీనరు మాత్రం గడియారం పక్కన తిష్ఠవేసి, తన వంతు ర్యామ్ తను తింటూ ఉంటుంది.

అసలు జరిగిందేమిటి? ప్రోగ్రాముల చేతిలో ఉన్న మెమరీని లాగెయ్యడానికి విండోస్‌లోనే ఒక ఫంక్షను ఉంది, పేరు ఎంప్టీ వర్కింగ్ సెట్. ఇలాంటి క్లీనర్లు చాలావరకు నొక్కేది ఆ మీటనే. విండోస్ మాట విని, ప్రోగ్రాములు వాడుకుంటున్న మెమరీ ముక్కలను స్టాండ్‌బై అనే పక్కవరసలోకి నెడుతుంది. వాటిలో కొన్ని డిస్కు మీది పేజ్ ఫైల్లోకీ పోతాయి. అంకె పడుతుంది. కానీ పని మిగిలే ఉంది కదా, ప్రోగ్రాములు వాటిని మళ్ళీ తెచ్చుకోవాలి. ర్యామ్‌లోంచి ఒక ముక్క అందుకోవడానికి సెకనులో కోటో వంతు చాలు. గిర్రున తిరిగే పాతకాలం హార్డ్ డిస్కు దాకా వెళ్ళొస్తే సుమారు నూరో వంతు. లక్ష రెట్లు తేడా! ఎస్‌ఎస్‌డీ ఉంటే నష్టం బాగా తగ్గుతుంది, లాభమైతే అప్పుడూ రాదు. ఖాళీగా పడున్న ర్యామ్‌తో ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అందుకే 2007లో విస్టా వచ్చినప్పటినుంచీ విండోస్, మనం మాటిమాటికీ వాడేవాటిని ముందే తెచ్చి ఖాళీలో పెట్టుకుంటోంది. ఎవరైనా చోటడిగితే తక్షణం ఇచ్చేస్తుంది.

ఈ సంగతి పిన్నికి ఎప్పుడో తెలుసు. ఒకసారి బాబాయి వంటింట్లో జొరబడి, గట్టు ఖాళీగా ఉంటేనే వంట తొందరగా అవుతుందని పోపులపెట్టెతో సహా అన్నీ అటకెక్కించాడు. "గట్టు అద్దంలా ఉందండీ. ఆవాలకి నిచ్చెనెక్కేదెవరు?" అందావిడ. ఆయనే ఎక్కాడు.

బాబాయిది వట్టి పిచ్చి అనడానికీ లేదు. 1993లో ఎమ్మెస్ డాస్ 6తో పాటు మెమ్‌మేకర్ వచ్చింది. అప్పుడు మామూలు ప్రోగ్రాములకు దక్కేది 640 కిలోబైట్లే. డ్రైవర్లను అటూఇటూ సర్ది కాస్త చోటు మిగిలిస్తే, అప్పటిదాకా మొరాయించిన ప్రోగ్రాము లేచి నడిచేది. బ్రాంచిలో అలా సర్దిన బాబాయి భుజం మేనేజరుగారు తట్టారు. తర్వాత కంప్యూటర్లు మారాయి, బాబాయి మారలేదు.

ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. 1995లో సింక్రోనిస్ అనే అమెరికా కంపెనీ, ర్యామ్‌ని రెట్టింపు చేస్తుందంటూ సాఫ్ట్‌ర్యామ్ 95 అమ్మింది. లక్షల్లో పోయింది. నిపుణులు విప్పి చూస్తే, విండోస్ 95 మీద అది మెమరీని వీసమెత్తు కూడా పెంచడం లేదని తేలింది. 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కంపెనీ మెడలు వంచింది. ఇదంతా చెప్తే బాబాయి, "పాత వెర్షనయ్యుంటుంది" అన్నాడు.

నెట్ సెంటర్ల కాలంలో నోట్‌ప్యాడ్ చిట్కా ఒకటి ఊరూరా తిరిగింది. మైస్ట్రింగ్ ఈక్వల్ టు 80000000 అని ఒక్క వరుస రాసి వీబీఎస్ ఫైలుగా దాచి, దానిమీద డబుల్ క్లిక్ చెయ్యాలి. అది చేసేదల్లా మైస్ట్రింగ్ అన్న పేరుకి ఎనిమిది కోట్లన్న అంకె తగిలించి, దులుపుకుని పోవడం. బాబాయి దాన్ని బంధువులందరికీ పంచిపెట్టాడు. అందరూ "చాలా ఫాస్టయింది బావగారూ" అన్నారు. ఎనిమిది కోట్లు ఊరికే వస్తే ఎవరు కాదంటారు!

ఇప్పుడు ఆయన చెయ్యి ఫోన్లమీద తిరుగుతోంది. వాట్సాప్‌ని వేలితో పైకి విసిరేస్తాడు, మెసేజ్ రాగానే మళ్ళీ తెరుస్తాడు, చదివి మళ్ళీ విసిరేస్తాడు. చోటు కావలసినప్పుడు ఆండ్రాయిడే పాత యాప్‌లను తప్పిస్తుంది. మనం తరిమినదాన్ని మొదటినుంచీ లేపాలంటే సమయమూ, బ్యాటరీ రెండూ ఖర్చే.

మీ కంప్యూటరు నిజంగానే ఈడుస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ అన్నచోట క్లిక్ చేస్తే పెద్ద తిండిపోతు పైకొస్తుంది. అక్కర్లేనిదైతే దాన్నొక్కదాన్నే మూసెయ్యండి. స్టార్టప్ లిస్టులో మీకు తెలియకుండా చేరినవాటిని ఆపండి. అప్పటికీ చాలకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన సీటీసీకో, మీ ఊరి కంప్యూటరు షాపుకో వెళ్ళి ఇంకో ర్యామ్ వేయించుకోండి. పాత హార్డ్ డిస్కయితే ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. షాపుకి బాబాయిని తప్పకుండా తీసుకెళ్ళండి. బేరం బాగా ఆడతాడు.