కుక్క నివాసి, కుర్రాడు కాదు

2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే హైదరాబాద్ కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అంత ఖరీదైన నేల మీద లేచే ఇంటికి ఒక తమాషా ఉంది. నేలకు ఎంత దూరంగా ఉంటే అంత గొప్ప. పైకి పోయేకొద్దీ చదరపు అడుగుకు ‘ఫ్లోర్ రైజ్’ చార్జీ!

బాల్కనీలోంచి గండిపేట కనబడితే ‘లేక్ వ్యూ’ అని ఇంకో వడ్డింపు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని పాత నానుడి. 1908 మూసీ వరదల తర్వాత ఊరిని కాపాడడానికీ, దాహం తీర్చడానికీ తలపెట్టి 1920లో పూర్తిచేసిన జలాశయమది. ఎండాకాలంలో దాన్ని చూస్తూ ట్యాంకరు కోసం ఎదురుచూడడం మాత్రం ఈ కాలపు వైభోగం.

ఊళ్లేమో పుప్పాలగూడ, నార్సింగి, మంచిరేవుల. గేట్ల మీద పేర్లు చూస్తే ఇటలీలో దిగామా అనిపిస్తుంది. ఎక్కడుంటారంటే “ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పక్కన” అంటారు. పుప్పాలగూడ అన్న మాట ఆధార్ కార్డులోనూ ఆటోవాలా నోట్లోనూ బతికుంది.

ఇక్కడి పార్లమెంటు వాట్సాప్ గ్రూపు. ఎజెండా మూడే ముక్కలు: వీధికుక్కలకు తిండి పెట్టొచ్చా? మా పార్కింగులో ఎవరి చుట్టం కారు పెట్టాడు? మెయింటెనెన్సు అర్ధరూపాయి ఎందుకు పెరిగింది? కోటిన్నర కారులో తిరిగే పెద్దమనిషి అర్ధరూపాయి మీద అర్ధరాత్రి దాకా వాదిస్తాడు.

దుమ్మనీ పేడ వాసననీ పల్లె వదిలొచ్చినవాళ్లే సంక్రాంతికి ఈవెంట్ మేనేజరు చేత పల్లెను అద్దెకు తెప్పిస్తారు. భోగి పిడకలు ఆన్‌లైన్లో దిగుతాయి. హరిదాసు గేటు దగ్గర ఓటీపీ చెప్పి గాని లోపలికి రాలేడు. గంగిరెద్దు తలూపితే ఫొటోలు తీస్తారు. పేడ వేస్తే హౌస్‌కీపింగ్‌కు ఫిర్యాదు వెళ్తుంది.

ఇంతవరకూ నవ్వులాటే. కొన్ని చోట్ల లిఫ్టు దగ్గర నవ్వు ఆగిపోతుంది. అక్కడ పనివాళ్లకు సర్వీసు లిఫ్టు, యజమానులకు అద్దాల లిఫ్టు అని బోర్డు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఆయా దేంట్లో ఎక్కాలి? జనరల్ బాడీలో ఇంకా తేలలేదు. కుక్కను తిప్పే కుర్రాడిదీ అదే చిక్కు. కుక్క నివాసి, కుర్రాడు కాదు.

డబ్బున్నవాళ్ల ఆడంబరం మీద జోకులు ఎవరైనా వేస్తారు. వేలం ధర వినగానే “అప్పుడే రెండు గుంటలు కొని పడేసుంటే” అని నిట్టూర్చేదీ ఆ జోకులేసేవాళ్లే. కాబట్టి ఆడంబరాన్ని క్షమించేద్దాం. లిఫ్టును క్షమించక్కర్లేదు. వంట, అంట్లు, పిల్లలు, కాపలా, అన్నీ ఆ లిఫ్టులో వచ్చే చేతుల మీదే నడుస్తున్నాయి.

అసోసియేషన్ పెద్దలకు ఒక మనవి. వచ్చే మీటింగులో కుక్కల సంగతి తేల్చేముందు ఆ బోర్డు పీకించండి. మెయింటెనెన్సు పైసా పెరగదు.