నిర్ధారణ

ఐనవిల్లి సిద్ధి వినాయకుడి గుడి మీద, ఊరి మీద ఎమ్మే ప్రాజెక్టు రాసి తెచ్చింది ఒకమ్మాయి. మాస్టారు ఎర్ర పెన్ను తీశారు.

"ద్రాక్షారామంలో యజ్ఞం తలపెట్టిన దక్షుడు ముందుగా ఇక్కడ పూజించాడు" అన్నచోట చివరి మాట దిద్ది, "పూజించాడని స్థలపురాణం చెబుతోంది" అని రాశారు. "వ్యాసుడు ప్రతిష్ఠించాడు" అన్నదాన్ని "ప్రతిష్ఠించాడని భక్తులు నమ్ముతారు" అని మార్చారు. మూడో వాక్యం దగ్గర ఆగిపోయారు.

"ఊరి చెరువు రెడ్డిరాజులు తవ్వించిందేనని చరిత్రకారులు నిర్ధారించారు."

"ఏ చరిత్రకారులమ్మా?"

"ఉత్సవాల సావనీర్‌లో అలాగే ఉందండి."

"వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడంటారే, ఆ భారతం చూడు. యుద్ధం సంగతి ధృతరాష్ట్రుడికి సంజయుడు చెప్పాడు. కథంతా జనమేజయుడికి వైశంపాయనుడు చెప్పాడు. అది విని శౌనకాది మునులకు ఉగ్రశ్రవసుడు చెప్పాడు. ఏ మాట ఎవరిదో ఎక్కడా దాచలేదు. 'ఊహించారు', 'అభిప్రాయపడ్డారు', 'వాదించారు', 'నిరూపించారు' అన్నవి వేరువేరు బరువులు. ఒకటి రాయాల్సినచోట మరొకటి రాస్తే ఆ మనిషి అనని మాట అంటగట్టినట్టే. వెళ్లి మొదట అన్నవాళ్లెవరో కనుక్కునిరా."

అమ్మాయి బయల్దేరింది. సావనీర్‌లో రాసినాయన ఒక పాత పత్రిక చూపించారు. అందులో "పరిశోధకులు పేర్కొన్నారు" అని ఉంది. ఆ వ్యాసం రాసినాయన వెతికి తన నోటుపుస్తకం తీశారు. అందులో "ఊరి పెద్ద ఒకరు చెప్పారు" అని ఉంది. ఆ పెద్దాయన ఇల్లు అడిగి, కొబ్బరితోటల మధ్య గట్టు మీదుగా నడుచుకుంటూ వెళ్లింది.

"ఆయ్, ఆ మాట అన్నది నేనేనమ్మా" అన్నారు తాతగారు. "చెరువు ఎవరు తవ్వించారండీ అని అడిగితే, ఏమో, రెడ్డిరాజులేమో అన్నాను. మా నాన్నగారు చెప్పిందీ కాదు, నేను చదివిందీ కాదు. అప్పటికి అలా తోచింది."

అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. "అయితే తాతగారూ, అది మీ ఊహ మాత్రమేనని రాసుకోమంటారా?"

"అబ్బే, అలా రాయకమ్మా! అప్పుడంటే ఊహే." తాతగారు లోపలికెళ్లి సావనీర్ తెచ్చి, ఆ పేజీ తీసి చేతిలో పెట్టారు. "ఇప్పుడు చరిత్రకారులే నిర్ధారించేశారు కదా!"