మేఖ్రీ సర్కిల్‌లో దిగే స్వామి

అనంతపురం మనిషికి హెవీ మెటల్ ఎందుకు నచ్చాలి అని నన్ను నిలదీయని బంధువు లేడు. ఘంటసాల లేడా, ఇళయరాజా లేడా, ఏదీ కుదరకపోతే భజన పాటలు లేవా అంటారు. అన్నీ ఉన్నాయి. అన్నీ వింటాను కూడా. కానీ మా చేన్లో బోరు బండి దిగిన రాత్రుల్లో, ఎనిమిది వందల అడుగుల లోతుకు బండను తొలిచే ఆ మోతలో నిద్రపోవడం నేర్చుకున్న చెవులు నావి. తెల్లారేసరికి నీళ్లు పడేవి కావు, మోత మాత్రం చెవిలో మిగిలేది. అట్లాంటి చెవికి డ్రమ్ములు ఒక లెక్కా?

లెక్కలు కావాలన్నవాళ్లకు లెక్కే చెబుతాను. లండన్‌లో ఏడాదికి పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. మా పాత అనంతపురం జిల్లా సగటు 550 చిల్లర. చూస్తే పెద్ద తేడా లేదు. కాకపోతే అక్కడ ఏడాది పొడుగునా తుంపర, ఇక్కడ నాలుగు దెబ్బల్లో కురిసి పోతుంది, మిగిలిందేమైనా ఉంటే ఎండ తాగేస్తుంది. ఆ తుంపరలో బయట తిరగలేక అక్కడి కుర్రాళ్లు ఇళ్లలో కూర్చుని గిటార్లు పట్టుకున్నారు. ఇక్కడి కుర్రాళ్లు అరుగు మీద కూర్చుని ఆకాశం చూశారు. వాళ్లకు బ్యాండ్లు పుట్టాయి, మాకు బోర్లు పుట్టాయి.

ఈ జబ్బు నాకు ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదివేటప్పుడు అంటుకుంది. మా రూమ్మేటు హిందూపురం వాడు. వాళ్ల చిన్నాన్న కొడుకు బెంగళూరు నుంచి తెచ్చిన డీప్ పర్పుల్ క్యాసెట్టు, ‘మెషీన్ హెడ్’, వాడి పెట్టెలో ఉండేది. 1972 నాటి పాటలు తొంభైల్లో మాకు తాజాగా చేరాయి. హంద్రీ-నీవా కాలువ నీళ్లకంటే నయమే. సెలవులకు క్యాసెట్టును ఊరికి తీసుకుపోయి మా జేజి ముందు పెట్టి వినిపించాను. ఏం పాడుతున్నారురా అంది. స్విట్జర్లాండ్‌లో మాంట్రూ అనే ఊరుందని, 1971 డిసెంబరులో అక్కడి కాసినోలో కచేరీ జరుగుతుండగా నిప్పంటుకుందని, ఆ పొగ పక్కనున్న పెద్ద చెరువు మీద పరుచుకోవడం చూసి వీళ్లు ఈ పాట కట్టారని చెప్పాను. జేజి నోట్లో వక్క అట్లాగే ఆగిపోయింది.

“పక్కనే చెరువుండాదా?”

“ఉంది జేజీ.”

“నీళ్లుండాయా దాంట్లో?”

“నిండా ఉన్నాయి.”

“అన్ని నీళ్లు పెట్టుకోని, ఆర్పకుండా పాట కట్టుకుంటా కూచున్నారా? ఏం మనుషులురా వాళ్లు!”

రాక్ సంగీతం మీద నేను చదివిన విమర్శల్లో ఇంత సూటి విమర్శ మరొకటి లేదు.

2002లో వాన ఎత్తిపోయింది. చెనక్కాయ విత్తనం ఇంట్లోనే ఉండిపోయింది. వాన కోసం మా నాయన రామాలయంలో విరాటపర్వం చదివించాడు. ఆ తర్వాతి వేసవి, 2003 ఏప్రిల్ 4న, రోలింగ్ స్టోన్స్ మొదటిసారి మన దేశానికి వచ్చి బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడారు. అప్పుడే బ్యాంకులో గుమాస్తాగా చేరాను, చేతిలో జీతముంది, పోయాను. పాట జోరు మీదుండగా వాన దిగింది. చుట్టూ బెంగళూరోళ్లు అయ్యో అంటున్నారు. నేనొక్కడినే నోరు తెరిచి, మొహం పైకెత్తి నిలబడ్డాను. పక్కవాడు నేను పాటకు అంతగా కరిగిపోయాననుకున్నాడు.

పొద్దున తడి బట్టలతో ఇంటికొస్తే ఇంట్లో పంచాయితీ. మా నాయన బట్టలను చూసి, “యాడ పడింది?” అన్నాడు. జరిగింది చెప్పాను. “విరాటపర్వం చదివిస్తే పడలే, వాళ్లెవరో అరిస్తే పడిందా?” అని జేజి చాలాసేపు ఆలోచించింది. చివరికి, “దుడ్లెంత తీసుకుంటారో కనుక్కో. ఇంటికింత అని చందా ఏసుకుందాం” అంది. మబ్బులకు విమానాల్లో మందు కొట్టించే మేఘమథనం కబుర్లు వినబడుతున్న రోజులవి. దానికంటే ఇదే చవకని ఆమె అభిప్రాయం. మా నాయనకు మాత్రం వేరే అనుమానం. “ఆ పాడేటాయనకు వయసెంత?” అన్నాడు. మిక్ జాగర్‌కు యాభై తొమ్మిదని చెప్పాను. రెండు గంటలసేపు ఎగురుతూనే ఉన్నాడని కూడా చెప్పాను. మా నాయన తన మోకాలి చిప్పలను రెండు చేతులతో నిమురుకుని, “ఏం నూనె పూస్తాడో అడగలేకపోయినావా?” అన్నాడు.

భూగోళం విషయంలో మాత్రం దేవుడు మావైపే ఉన్నాడు. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి హెబ్బాళ మీదుగా బస్సు ఊళ్లోకి దిగితే, మెజెస్టిక్ బస్టాండు ఇంకా రాకముందే మేఖ్రీ సర్కిల్ వస్తుంది. ప్యాలెస్ గ్రౌండ్స్ దాని పక్కనే. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే అభిమాని ట్రాఫిక్‌లో కొట్టుకుంటూ వచ్చేసరికి, ఉగ్గాని మూట విప్పుకుని తిని, చెయ్యి కడుక్కుని, లైను మొదట్లో నిలబడి ఉండేది మావాళ్లే.

తిరుగు ప్రయాణమే కష్టం. అర్ధరాత్రి మేఖ్రీ సర్కిల్‌లో చెయ్యెత్తి నిలబడితే ఏదో ఒక బస్సు ఆగుతుంది. అందులో ధర్మవరం చీరలు అమ్ముకుని వస్తున్న వ్యాపారులు, పెద్దాసుపత్రిలో చూపించుకుని వస్తున్న ముసలివాళ్లు, అందరూ గాఢనిద్రలో ఉంటారు. మన చెవుల్లో హోరు తప్ప మరేమీ ఉండదు. కండక్టర్ పెదవులు కదుపుతాడు. యాడికి అని అడుగుతున్నాడని ఊహించి, మామూలుగా చెబుతున్నాననుకుంటూ “అనంతపురం!” అంటాను. బస్సు మొత్తం లేచి కూర్చుని, ఊరొచ్చిందనుకుని సంచులు సర్దుకుంటుంది.

2011లో మెటాలికా వచ్చింది. అక్టోబరు 28న ఢిల్లీ పక్క గుర్‌గావ్‌లో, 30న బెంగళూరులో అన్నారు. గుర్‌గావ్ కచేరీ ఆఖరు నిమిషంలో ఆగిపోయింది. జనం బారికేడ్లు తోసుకుని వేదిక ఎక్కి, దొరికింది విరగ్గొట్టారు. టీవీలో అది చూసి మా నాయన, “వస్తామని చెప్పి రాకపోవడం మాకు ప్రతి జూన్‌లో ఉండేదే. మేము యాడికెక్కి ఏం విరగ్గొట్టాల?” అన్నాడు. బ్యాండు వస్తుందన్న వార్తనూ వాన వస్తుందన్న వార్తనూ మా ఇంట్లో ఒకే మొహంతో వింటాం.

బెంగళూరు కచేరీ మాత్రం జరిగింది. అప్పటికి దీపావళి పోయి నాలుగు రోజులు, కార్తీకమాసం. నల్ల టీషర్టు, నల్ల ప్యాంటు, పెరిగిన గడ్డం, ఎర్రమట్టిలో నానిన కాళ్లు. బస్సెక్కగానే ఒక పెద్దాయన లేచి, “రాండి స్వామీ, కూకోండి” అని కిటికీ సీటు ఇచ్చాడు. గొంతు పోయి మాట రాలేదు గనక, కాదని చెప్పే ఓపిక లేక చేతులు జోడించాను. భజనలో గొంతు పోయిందని ఆయనే అందరికీ చెప్పాడు. కండక్టర్ చిల్లర పైసా తేడా లేకుండా ఇచ్చాడు. దిగేటప్పుడు పెద్దాయన అరటిపండు చేతిలో పెట్టి, “సన్నిధానంలో మా పేరు కూడా చెప్పుకోండి స్వామీ” అన్నాడు. ఆ అయ్యప్పకు తెలుసు, ఆ రాత్రి నేను మోసిన ఇరుముడిలో ఏముందో. రెండు టీషర్టులు, ఒక పోస్టరు.

టీషర్టుల సంగతి చెప్పాలి. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఒకటి కొన్నాను. దాని మీద వాళ్ల ఎడ్డీ, అంటే చర్మం ఊడి, కోరలు బయటికొచ్చిన ఒక పుర్రె మనిషి. మా అమ్మ దాన్ని ఉతకడానికి కూడా ఒప్పుకోలేదు. ఒకరోజు ఎంత వెతికినా దొరకలేదు. ఆదివారం చేనికి పోతే, చెనక్కాయ సాళ్ల మధ్య, కట్టె చేతులు చాపుకుని, తలమీద కుండ పెట్టుకుని బెదురుబొమ్మ నా టీషర్టుతో నిలబడి ఉంది. “ఆ దయ్యం బొమ్మ ఇంట్లో ఏంటికి, చేన్లో ఉంటే పందులన్నా రావు” అంది అమ్మ. నిజంగానే ఆ ఏడు అడవిపందులు రాలేదు. పంట కూడా రాలేదు, అది వేరే సంగతి.

ఆ మరుసటేడు 2008 ఫిబ్రవరిలో వాళ్లు ముంబై వచ్చారు. పాడే బ్రూస్ డికిన్సన్‌కు పైలట్ లైసెన్సు ఉందని, బోయింగ్ 757లో బ్యాండునూ సామానునూ ఎక్కించుకుని తనే నడుపుకుంటూ వచ్చాడని అమ్మకు గొప్పగా చెప్పాను. మా అమ్మ కళ్లలో మొదటిసారి రాక్ సంగీతం మీద జాలి కనిపించింది. “పాపం, పాటల మీద జరగదేమో. డ్రైవర్ పని కూడా చేసుకుంటాండాడు” అంది.

మా ఆవిడది ధర్మవరం. అంతకుమించి వివరించక్కర్లేదు. పెళ్లయిన కొత్తలోనే ఒప్పందం కుదిరింది: కచేరీకి ఎంత ఖర్చయితే అంత ఖరీదుకు పట్టుచీర. మొదట్లో నేను కచేరీకి పోతానంటే ఎందుకని గొణిగేది. ఇప్పుడు ప్రపంచంలో ఏ బ్యాండు ఏ దేశంలో తిరుగుతోందో నాకంటే ముందు ఆమెకే తెలుస్తోంది. 2025లో గన్స్ ఎన్ రోజెస్ ముంబై వస్తున్నారన్న కబురు పొద్దున కాఫీతో పాటు ఆమే ఇచ్చింది. “మే 17 అంట. నేను నెమలికంఠం రంగు చూసి పక్కన పెట్టించినా” అంది. టికెట్టు ఇంకా కొననే లేదు, చీరకు జాకెట్టు కుట్టడం అయిపోయింది.

ప్యాలెస్ గ్రౌండ్స్ అంటే మా వీధిలో ఎవరికీ లెక్క ఉండేది కాదు. 2016 నవంబరులో, నోట్లు రద్దయిన వారానికి, బళ్లారి గాలి జనార్దనరెడ్డి కూతురి పెళ్లి హంపి సెట్టింగులతో అక్కడే జరిగింది. ఊరు ఊరంతా టీవీ ముందు కూర్చుంది. “మావోడు ఆడికి ఎన్నిసార్లు పోయినాడో” అని అమ్మ ఆ రోజు గర్వంగా చెప్పుకుంది. ఏం పని మీద పోయాడో చెప్పలేదు.

నా కూతురికి నా బ్యాండ్లు పనికిరావు. ఆమెది కోల్డ్‌ప్లే. నా దృష్టిలో అది జ్వరమొచ్చినప్పుడు వినే సంగీతం. అయినా తండ్రిని కదా, 2025 జనవరి 26న అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో లక్షకు పైగా జనం మధ్య నిలబడ్డాను. ముందురోజు నాలుగో శనివారం, ఆ రోజు ఆదివారం, బ్యాంకుకు సెలవు పెట్టే అవసరం కూడా రాలేదు. అందరి చేతులకూ వెలిగే పట్టీలు కట్టారు. “నాన్నా, తల మాత్రం ఊపొద్దు, ప్లీజ్” అని కూతురు ముందే మాట తీసుకుంది. తల ఊపకుండా రాక్ కచేరీ చూడటం మా నాయన మోకాళ్ల నొప్పి కంటే కష్టమని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి కచేరీ ఫోన్లలో కూడా ప్రత్యక్షంగా వచ్చింది. అమ్మ మరునాడు ఫోన్ చేసి, “బుమ్రా కనిపించినాడు. నువ్వు కనపల్లేదే, నిజంగా పోయినావా?” అంది.

అదే ఏడు జూలై 22న హెవీ మెటల్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ పోయాడు. దానికి రెండు వారాల ముందే, 5వ తేదీన, సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో సింహాసనం మీద కూర్చుని చివరి కచేరీ చేశాడు. కౌంటర్లో నా మొహం చూసి మా క్యాషియర్ ఏమైందప్పా అన్నాడు. ఓజీ పోయినాడన్నాను. అతను పవన్ కల్యాణ్ అభిమాని, ‘ఓజీ’ సినిమా కోసం ఎదురుచూస్తున్నాడు. “ఏం మాటలప్పా అవి! రిలీజు సెప్టెంబర్లో ఉండాది” అని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

కచేరీలు పెట్టేవాళ్లకు ఒక మనవి. ఎప్పుడూ బెంగళూరు, ముంబై ఏంటికి? మా దగ్గర కంటికి కనిపించినంత మేర బయలు ఉంది. కరెంటుకు రామగిరి గాలిమరలు, నంబులపూలకుంట సోలార్ పార్కు ఉన్నాయి. పుట్టపర్తిలో విమానాశ్రయం ఉంది, డికిన్సన్ గారు తన బండి తానే తోలుకుని రావచ్చు. 2022లో జిల్లాను రెండు చేశాక అవన్నీ పక్క జిల్లాలోకి పోయాయి గానీ, అడిగితే కాదనరు. సౌండు ఎక్కువైందని ఎవరూ కేసు పెట్టరు, బోరు బండ్లకు అలవాటుపడ్డ జనం. సంగటి, ఊరిబిండి మా అమ్మ చూసుకుంటుంది. పాట మధ్యలో వాన వచ్చి కచేరీ ఆగిపోతే టికెట్టు డబ్బులు వాపసు అడగం, పైన ఇంకొంత ఇస్తాం. కాకపోతే తేదీ మాత్రం జూన్‌లో, విత్తనం వేళకు పెట్టండి.