మా వాడు ఏమీ తినడండీ!

పిల్లల డాక్టరు గది బయట బెంచీ మీద ఓ అరగంట కూర్చుంటే చాలు, తెలుగునాట తిండి తినే పిల్లవాడే పుట్టలేదని రూఢి అయిపోతుంది. ‘మా వాడు ఏమీ తినడండీ’ అంటుంది ప్రతి తల్లీ. ఆ నిరాహారి సరిగ్గా అదే క్షణాన అమ్మ సంచీ జిప్పు లాగి, క్రీము బిస్కెట్ల పొట్లంలో చివరిది నములుతూ, బెంచీ మీంచి నాన్న భుజం మీదికి లంఘిస్తుంటాడు. బరువు చూసిన నర్సు ‘బానే ఉన్నాడమ్మా’ అందంటే తల్లి మొహం చిన్నబోతుంది. ఇంత ఫీజు కట్టింది బాగున్నాడని చెప్పించుకోవడానికా? ‘టానిక్కేమన్నా రాయండి డాక్టరుగారూ.’ రాయని డాక్టరు చేతకానివాడు. రాసే డాక్టరు పక్క సందులోనే ఉన్నాడు.

అలా రాసేవాటిలో తరచూ కనబడే పేరు సైప్రోహెప్టడిన్. అది పుట్టింది తుమ్ములకూ దురదలకూ. ఆకలెయ్యడం, మత్తుగా ఉండడం దాని దుష్ప్రభావాలు. దుష్ప్రభావానికే పట్టాభిషేకం చేసి, తియ్యటి సిరప్పులో ఊరేగించడం మనకే చెల్లింది. పిల్లాడు తింటాడు, పడుకుంటాడు. తల్లికి ఒక సీసాలో రెండు వరాలు. సీసా అడుగంటగానే మళ్లీ బెంచీ.

ఇంగ్లిషు మందులంటే గిట్టనివాళ్ల కోసం ఇంట్లోనే మరో వైద్య కళాశాల నడుస్తుంటుంది. ప్రిన్సిపాలు అమ్మమ్మ. వసకొమ్మును సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి బిడ్డ నాలుకకు రాస్తే మాటలు త్వరగా వస్తాయన్నది మొదటి పాఠం. వసలోని బీటా-అసరోన్ ఎలుకల్లో కణితులు పుట్టించిందని అమెరికా ప్రభుత్వం 1968లోనే దాన్ని తిండి పదార్థాల్లో వాడకుండా నిషేధించింది. ‘వాళ్లకేం తెలుసు’ అంటుంది అమ్మమ్మ. అంటూనే, ఆ అమెరికాకే కూతురి పురుటికి వెళ్తూ పట్టుచీర మడతల్లో వసకొమ్ము దాచి పట్టుకెళ్తుంది. వస నాకిన బిడ్డ వాంతి చేసుకుంటే అది దిష్టి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు. వస మీదికి మాత్రం ఎవరి అనుమానమూ పోదు. ‘మాకూ రాశారు, మాకేమైంది?’ అని పెద్దల ప్రశ్న. ఏమీ కాలేదు, నోరు మూతపడకపోవడం తప్ప. ప్రకృతి ఇచ్చింది కాబట్టి మంచిదే అంటారు. ఉమ్మెత్తకాయను ఏ ఫ్యాక్టరీ చేసిందో మరి.

అన్నట్టు, గ్రైప్ వాటర్ కూడా ఇప్పుడు అమ్మమ్మ వైద్యమే. దాన్ని 1851లో నాటింగ్‌హామ్‌లో తయారుచేసినవాడు విలియం వుడ్‌వర్డ్. అప్పట్లో అందులో ఆల్కహాల్ ఉండేది. ఆ కాలపు పసివాళ్లు అంత బుద్ధిగా ఎందుకు నిద్రపోయేవారో ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఆల్కహాల్ తీసేశారు, నమ్మకం మిగిలింది. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప చుక్క మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటుంటే, మనం మాత్రం ‘ఇది నీళ్లు కాదుగా’ అని చెంచా పడతాం.

కాస్త కలిగినవాళ్లకు పుష్యమి నక్షత్రం ఉంది. ఇరవై ఏడు రోజులకోసారి అది వచ్చినప్పుడల్లా స్వర్ణప్రాశన శిబిరాల ముందు చంటిబిడ్డలతో బారులు. బంగారు భస్మం, నెయ్యి, తేనె. రెండు చుక్కలతో బిడ్డ ఏకసంథాగ్రాహి అవుతాడట. తులం లక్ష దాటిన రోజుల్లో ఆ రెండు చుక్కల్లో బంగారం ఎంతో కంసాలిని అడగాలి. తేనె సంగతి మాత్రం పిల్లల డాక్టర్నే అడగాలి: అందులో బాటులిజం క్రిమి బీజాలు ఉండే ప్రమాదం ఉంది కనుక ఏడాది నిండనిదే నాలుకకు తగలనివ్వొద్దంటారు. కానీ డాక్టరు మాటకు నక్షత్రబలం లేదు.

చాక్లెట్ పొడుల పురాణం పాతదే. పొడవు పెరుగుతారు, మార్కులు పెరుగుతాయి అని మన తరానికి చెప్పారు. మన పొడవూ మన మార్కులూ మనకు తెలుసు. 2023లో ఒక యువకుడు బోర్న్‌విటా డబ్బా వెనక్కి తిప్పి అందులోని చక్కెర గురించి వీడియో పెడితే మొదట లీగల్ నోటీసు వచ్చింది, ఆ తర్వాత తీరిగ్గా చక్కెర కొంచెం తగ్గింది. 2024 ఏప్రిల్‌లో కేంద్రం, చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే జాతే లేదు, ఆ వరసలోంచి వీటిని తీసేయండని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. అంగడి అల్మారాలో అర మారింది, అంతే.

ఇదంతా అమాయకపు వ్యాపారమే అనుకునేవాళ్లు ఓఆర్‌ఎస్ కథ వినాలి. విరేచనాలతో వాడిపోయిన బిడ్డకు ప్రాణం పోసే పొడి అది. లీటరు నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజు, లెక్క ప్రకారం లవణాలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణంతోనే కలరా రోగులను గట్టెక్కించారు. ఆ మూడక్షరాల పరపతి చూసి మనవాళ్లు పండ్లరసం రుచిలో చక్కెర నీళ్లు పోసి, డబ్బా మీద అవే మూడక్షరాలు అచ్చేసి, మెడికల్ షాపులోనే పెట్టారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా ముదురుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఎనిమిదేళ్లు పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వద్దన్న ఆహార భద్రతా సంస్థ, జూలై కల్లా అద్భుతమైన రాజీ కనిపెట్టింది: పేరులో ఓఆర్‌ఎస్ ఉండనివ్వండి, కాకపోతే ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని డబ్బా మీదే రాయండి. శుభలేఖలో వరుడి పేరు పెద్దక్షరాల్లో వేసి, కింద చిన్నక్షరాల్లో ‘ఇతను వరుడు కాడు’ అని వేసినట్టు. అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకుని షాపు దగ్గరికి పరిగెత్తిన తండ్రి ఆ చిన్నక్షరాలు చదవాలన్నమాట. ఆ మూడక్షరాలు పీకేయమనడానికి 2025 అక్టోబరు రావలసి వచ్చింది. అప్పుడు కూడా కంపెనీలు కోర్టు మెట్లెక్కాయి, పరువు పోతుందని కాదు, గోదాముల్లో సరుకు మిగిలిపోతుందని.

మరి పిల్లలకు ఏ చుక్కా అక్కర్లేదా అంటే, కావాలి. తమాషా అక్కడే ఉంది. మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల వైటమిన్ డి చుక్కలు వేయమంటారు డాక్టర్లు. అది మర్చిపోతాం. లేదా పెద్దవాళ్ల 60,000 యూనిట్ల సీసా, అంటే 150 రోజుల మోతాదు, ఒక్క గుక్కలో పట్టేస్తాం. ఇనుము కావాలి: ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దానికి సిరప్పు ఆశా కార్యకర్త దగ్గరే ఉంది. వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. కానీ సీసా మీద ఎలుగుబంటి బొమ్మ లేదు, రుచికి తుప్పు, పైగా దొడ్డికి నల్లగా వస్తుంది. అన్నిటినీ మించిన లోపం, ఉచితం. పైసా పుచ్చుకోని మందు పనిచేస్తుందని మధ్యతరగతిని నమ్మించగలిగిన ప్రభుత్వం ఇంకా రాలేదు. తొమ్మిదో నెల నుంచి ఐదేళ్లదాకా తొమ్మిది విడతల వైటమిన్ ఎ కూడా ఉచితమే. దాని కార్డు ఎక్కడో బీరువాలో ఉంటుంది. వేలు ఖర్చుపెట్టి తెప్పించిన గమ్మీల సీసా డైనింగ్ టేబుల్ మీద ఉంటుంది.

ఇక బాలామృతం. ఏడో నెల నుంచి మూడేళ్లదాకా నెలకు రెండున్నర కిలోల పొట్లం అంగన్‌వాడీ టీచరు చేతిలో పెడుతుంది. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర, వైటమిన్లు, ఇనుము. (ఇందులోనూ చక్కెర ఉందిగా అనేవాళ్లు ముందు ఇంట్లో డబ్బా వెనక్కి తిప్పి చదివి, ఆ తర్వాత అడగండి.) అది లేనివాళ్ల తిండి అని ఒకరు, ఉండలు కడుతోందని ఒకరు పక్కన పెట్టేస్తారు. పక్కన పెట్టింది కొన్ని చోట్ల పశువుల దాణాలో తేలిందని పత్రికల్లో వచ్చింది. గేదె బెంచీ మీద కూర్చుని డాక్టరు కోసం ఎదురుచూసే రకం కాదు, పెట్టింది శుభ్రంగా తింటుంది, చిక్కగా పాలిస్తుంది. ఆ పాలు మనం లీటరుకు ఇంతని కొనుక్కొచ్చి, రెండు చెంచాల చాక్లెట్ పొడి కలిపి, బలమని పిల్లాడికి పడుతున్నాం.