మూడు రూపాయల ధర్మయుద్ధం

తెలుగువాడికి కోపం రాదని ఎవరన్నారు? గుంతల రోడ్డు మీద నడుము విరిగినా రాదు, బడి ఫీజు ఏటా పెరిగినా రాదు, కరెంటు బిల్లులో ఎప్పటిదో సర్దుబాటు చార్జీ పడితే కాస్త గొణిగి ఊరుకుంటాడు. కానీ కూకట్‌పల్లిలోనో, బెజవాడ బెంజి సర్కిల్ దగ్గరో ఓ సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్లో "సార్, కవర్ కావాలా? మూడు రూపాయలవుతుంది" అనే మాట చెవిన పడనివ్వండి. అప్పటిదాకా ట్రాలీ మీద వాలి ఫోన్ చూసుకుంటున్న పెద్దమనిషికి అల్లూరి సీతారామరాజు పూనుతాడు.

"ఏంటమ్మా, ఐదు వేల సామాన్లు కొన్నాం. ఒక్క కవర్ ఊరికే ఇవ్వలేరా? మీ మేనేజర్ని పిలువు."

మేనేజర్ వస్తాడు. వెనక క్యూ పాల రాక్ దాకా పాకుతుంది. క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటారనుకుంటే పొరపాటు. "అడగండి సార్, గట్టిగా అడగండి, దోచేస్తున్నారు" అని తలా ఓ చెయ్యి వేస్తారు. కవర్ ధర పెట్టింది ఆ అమ్మాయి కాదు. ఆ మూడు రూపాయల్లో ఆమెకు మూడు పైసలు రావు. పొద్దుట్నుంచి నిలబడే ఉన్న ఆ పిల్ల, స్కానర్ పక్కన పెట్టి, దేశంలోని సమస్త దోపిడీకి సంజాయిషీ ఇచ్చుకుంటూ ఉంటుంది.

మన బాధ నాకు తెలియనిది కాదు. బేరమంటే కొసరు ఉండాలి. రైతుబజారులో కిలో వంకాయలు కొంటే గుప్పెడు పచ్చిమిర్చి పడాలి, కరివేపాకు రెమ్మకు డబ్బులడిగితే ఆ కొట్టు మొహం చూడం. ఏసీ కొట్టులో కొసరంటూ మిగిలింది కవర్ ఒక్కటే. అదీ పోయింది. కందిపప్పు ధర పెరిగితే అది మార్కెట్టు, కవర్‌కు ధర పెడితే మాత్రం అవమానం.

అసలు కవర్ ఊరికే ఇవ్వకూడదని కేంద్రం 2011లోనే నిబంధన పెట్టింది. 2016లో వచ్చిన నిబంధనలు ఇంకో అడుగు వేశాయి. ప్లాస్టిక్ కవర్లు ఇవ్వాలనుకునే దుకాణదారు నెలకు కనీసం 4,000 రూపాయలు, అంటే ఏడాదికి 48,000, మున్సిపాలిటీకి కట్టాలన్నాయి. చెత్త ఎవరి వల్ల పుడుతోందో వాళ్ల జేబులోంచే దాన్ని ఎత్తే ఖర్చు రావాలన్నది లెక్క. లెక్క బాగుంది కాబట్టే ఎక్కువ కాలం బతకలేదు. 2018 సవరణలో ఆ నిబంధనను ఎత్తేశారు. ఇప్పుడు మనమిచ్చే మూడు రూపాయలు నేరుగా కొట్టు గల్లాలోకే. 48,000 మాయమైన రోజున ఏ క్యూలోనూ ఎవరూ మేనేజర్ని పిలవలేదు.

ఇక కొట్టువారి భక్తి చూడాలి. కౌంటర్ మీద ఆకుపచ్చ బోర్డు, "భూమాతను కాపాడుదాం" అని. ఆ బోర్డుకు నాలుగడుగుల దూరంలో, దేవుడు ఆకులు చుట్టి పంపిన కాలీఫ్లవర్‌కు ఆకులు పీకేసి ప్లాస్టిక్ చుట్టి పెడతారు. మూడు క్యాప్సికమ్‌లకు ఓ ట్రే, ఆ ట్రేకు పలచటి ఫిల్మ్. సగం గాలి నింపిన చిప్స్ ప్యాకెట్లు గోడ పొడవునా. వీటికి చట్టంతో పేచీ లేదు. ముందే సరుకు నింపి సీలు వేసిన సంచి 'క్యారీ బ్యాగ్' కిందికి రాదని నిర్వచనంలోనే రాసిపెట్టారు. అంటే భూమాతకు అపకారం చేసేది చేతిపిడి ఉన్న ప్లాస్టిక్ మాత్రమే.

ఆ చేతిపిడి సంచినేమో ప్రభుత్వం పాతికేళ్లుగా మేపుతోంది. కనీస మందం 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. పలచటిది ఒక్కసారికే చిరుగుతుంది, మందమైనది పదిసార్లు వాడతారని ఆశ. మనం దాన్నీ ఒక్కసారే వాడి చెత్తబుట్టకు తొడుగుతున్నాం.

"ప్లాస్టిక్ వద్దులెండి, గుడ్డ సంచి ఇవ్వండి" అని పది, పదిహేను పెట్టి కొని, పుణ్యం మూటగట్టుకున్నట్టు నడిచే బాపతు ఇంకొకరు. చాలాచోట్ల వాళ్ల చేతిలో ఊగేది గుడ్డ కాదు. నేయకుండా వేడితో అతికించిన పాలీప్రొపిలీన్, పక్కా ప్లాస్టిక్. దానికీ చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదని అదే ప్లాస్టిక్ నిబంధనల్లో కొలత ఉంది.

పోనీ నిజంగానే ఇంటి నుంచి నూలు సంచి పట్టుకెళ్లామనుకోండి. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపి, ఆ సంచి మూతి బిగించి, ప్లాస్టిక్ ట్యాగ్ వేసి లాగుతాడు. బయటికొచ్చాక దాన్ని కత్తిరించి కింద పారేయాలి. ప్లాస్టిక్ మానినందుకు మనకు పడే తొలి శిక్ష అది.

వినియోగదారుల ఫోరాలు మాత్రం ఊరుకోలేదు. చండీగఢ్‌లో ఒకాయన బాటా కొట్టులో బూట్లు కొంటే, కాగితం సంచికి 3 రూపాయలు వేశారు. సంచి మీద కంపెనీ పేరే. మా ప్రచారం మీరే మోయండి, మోసినందుకు మీరే డబ్బులివ్వండి అన్నట్టుందని 2019లో ఫోరం మందలించి, కంపెనీకి తొమ్మిది వేల దాకా వదిలించింది. బిగ్ బజార్ 18 రూపాయల గుడ్డ సంచి కేసులో 2020 డిసెంబరులో జాతీయ కమిషన్ కూడా, ధర ముందు చెప్పకుండా డబ్బు కట్టే చోట తెలియజేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అంది. అంతే, కొట్లకు జ్ఞానోదయమైంది. ఇప్పుడు గుమ్మం పక్కన చీమ తలకాయంత అక్షరాలతో కాగితం అంటిస్తున్నారు. ముందే చెప్పినట్టే కదా.

మన వీరుడూ తక్కువ తినలేదు. మూడు రూపాయలివ్వనని శపథం పట్టాక, కూరగాయల దగ్గర రోల్ నుంచి ఊరికే వచ్చే పలచటి కవర్లు బరబరా లాగి, ఒకదాంట్లో ఇంకొకటి దూర్చి, అందులో సబ్బులూ నూనె ప్యాకెట్లూ కుక్కుతాడు. ఒక్క కవర్ కొనకుండా ఎనిమిది కవర్లతో ఇంటికి పోతాడు. వాటిని వంటింటి తలుపు వెనక వేలాడే కవర్ల కవర్లో పెడతాడు. ఈయన అన్నగారు ఫ్రీమాంట్‌లో ఉంటారు. కాలిఫోర్నియాలో 2016 నుంచి సంచికి పది సెంట్లు ఇస్తూ, అదే నాగరికత అని మనకు ఫోన్లో చెప్తారు. సంక్రాంతికి వచ్చి అమీర్‌పేటలో అదే క్యూలో నిలబడి తమ్ముడికంటే గట్టిగా అరుస్తారు.

ఈ గొడవంతా ఎందుకని ఇప్పుడు చాలామంది కొట్టుకు వెళ్లడమే మానేశారు. నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్ ఉంది. హ్యాండ్లింగ్ చార్జి, ప్లాట్‌ఫామ్ ఫీజు, ఆర్డరు చిన్నదైతే చిన్నదైనందుకు, వాన పడితే వాన పడ్డందుకు. కవర్ ధరను మించినవే ఎక్కువ. తిట్టడానికి ఎదురుగా మనిషి లేకపోయేసరికి కోపం కూడా రాదు, వేలితో నొక్కేయడమే. తడిసి ముద్దయిన కుర్రాడు నాలుగో అంతస్తు ఎక్కొచ్చి, ప్లాస్టిక్‌లో చుట్టిన కొత్తిమీర కట్ట కాగితం సంచిలో అందించి పోతాడు. మన పెద్దమనిషి ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, వంటింట్లోకి కేకేస్తాడు: "చూశావా, వీళ్లు కవర్‌కి పైసా తీసుకోరు!"